శరత్కాలపు పిట్టలు: చూసిన మాట, రాసిన మాట

శరదృతువు వర్ణన వచ్చే పాఠం ఏదైనా సరే, అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది. వానాకాలంలో మానస సరోవరానికి వెళ్ళిపోయిన హంసలు శరత్తు రాగానే తిరిగి వస్తాయట. దీన్ని మనం ‘కవిసమయం’ అని గుర్తుపెట్టుకుంటాం, పరీక్షలో రెండు మార్కులకు రాస్తాం, మరిచిపోతాం. కవిసమయం అంటే లోకంలో నిజమైనా కాకపోయినా కవులందరూ ఒప్పుకొని వాడుకొనే మాట అని కదా మన నిర్వచనం. మరి ఈ హంసల మాటలో నిజం ఎంత? మన బళ్ళారి చుట్టుపక్కల చెరువుల్లో దసరా, దీపావళి నెలల్లో దిగే పిట్టలకూ ఈ మాటకూ ఏమన్నా సంబంధం ఉందా? ఈ ప్రశ్నతో మొదలుపెట్టి చదువుతూ పోతే, నేను కావ్యాల నుంచి చెరువు కట్ట మీదికి వచ్చి చేరినాను. అక్కడ తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

హంస ఎవరు?

ముందు సంస్కృత నిఘంటువు చూద్దాం. అమరకోశం రాజహంసను తెల్లని ఒళ్ళు, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు గల పక్షి అంటుంది. ఈనాటి తెలుగు పేపర్లు పులికాట్ సరస్సుకు వచ్చే పొడుగు కాళ్ళ గులాబీ పక్షిని రాజహంస అంటున్నాయి. కన్నడంలోనూ దానికి అదే పేరు. సంస్కృత సాహిత్యంలోని పక్షుల మీద పనిచేసిన పండితులు ‘హంస’ అనే మాట ఒక్క పక్షికే చెందదనీ, సందర్భాన్ని బట్టి పెద్ద బాతు జాతులకూ వర్తిస్తుందనీ వివరించినారు.

ఆ పెద్ద బాతుల్లో ఒకటి మన వైపు చలికాలం గడపడానికి వస్తుంది. బూడిద రంగు ఒళ్ళు, తెల్లని తల, తల వెనక అడ్డంగా రెండు నల్ల పట్టెలు. కన్నడంలో దీన్ని ‘పట్టెతలె హెబ్బాతు’ అంటారు. మనం ‘పట్టెతల బాతు’ అనుకోవచ్చు. ఇది గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది టిబెట్ పీఠభూమి, లడాఖ్, మంగోలియా వైపు సరస్సుల దగ్గర. మానస సరోవరం ఉన్నది కూడా ఆ టిబెట్ పీఠభూమిలోనే. చలి మొదలవగానే హిమాలయాలు దాటి దక్షిణానికి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టి చేసిన పరిశోధనలో ఈ బాతు 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరినట్టు నమోదైంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. అయితే ఎప్పుడూ అంత పైన ఎగరదు. వీలైనంత వరకు కొండ వాలును అంటిపెట్టుకొని, లోయ వస్తే దిగుతూ, కొండ వస్తే ఎక్కుతూ పోతుందని ఆ పరిశోధకులే తేల్చినారు.

ఇప్పుడు కవిసమయం దగ్గరికి తిరిగి వద్దాం. వానాకాలంలో ఈ బాతులు మన చెరువుల్లో ఉండవు. ఇది నిజం. శరత్తు ముదిరి హేమంతం వచ్చే వేళకు వస్తాయి. ఇదీ నిజం. కానీ వానలకు భయపడి వెళ్ళడం లేదు. అవి మార్చి, ఏప్రిల్ నెలల్లోనే, అంటే మనకు ఎండలు ముదరకముందే బయలుదేరుతాయి. కవులు ఉన్నదీ లేనిదీ సరిగ్గానే చూసినారు. పోయిన రోజు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఈ చిన్న తేడాలోనే నా వ్యాసం మొత్తం ఉంది.

కాటుకపిట్ట తొలి దర్శనం

తేదీ మీద శ్రద్ధ మన పాతవాళ్ళకు బొత్తిగా లేదని కూడా అనలేం. స్త్రీల కళ్ళకు పోలికగా చెప్పే ఖంజరీటం మనకు తెలుసు. దానికి తెలుగు పేరు కాటుకపిట్ట. నీటి ఒడ్డున, తడి మడిలో, ఒక్కోసారి మన కాలేజీ మైదానంలో కూడా తోక పైకీ కిందికీ ఊపుతూ గబగబా నడిచే సన్నని పిట్ట. ఈ కుటుంబంలో ఒక జాతి ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. మిగతావి ఉత్తరం నుంచి సెప్టెంబరులో, అంటే వినాయక చవితి అటూ ఇటూగా దిగుతాయి.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ఈ పిట్టకు ఒక అధ్యాయమే ఉంది. ఆ కాలంలో కాటుకపిట్టను మొదటిసారి ఎక్కడ చూస్తే ఏ ఫలం అన్నది అందులోని విషయం. శకునాల్లో మనకు నమ్మకం ఉన్నా లేకపోయినా, ‘తొలిసారి కనబడిన చోటు’ అనేది గమనించవలసిన సంగతి అని 1,400 ఏళ్ళ కిందటే ఒకరు అనుకున్నారు గదా!

2007లో బెంగళూరులోని ఎన్.సి.బి.ఎస్. పరిశోధన సంస్థ ‘మైగ్రెంట్ వాచ్’ అని ఒక పని మొదలుపెట్టింది. మామూలు జనమే వలస పిట్టలను ఆ ఏడాది మొదటిసారి ఏ తేదీన, ఏ ఊళ్ళో చూసినారో రాసి పంపాలి. వరాహమిహిరుడు ఫలం చెప్పడానికి అడిగిన ప్రశ్ననే వీళ్ళు లెక్క చెప్పడానికి అడిగినారు. వేలమంది తేదీలు ఒక చోట పెడితే, ఏ పిట్ట దేశంలోకి ఎటువైపు నుంచి వస్తుందో, ఏ వారంలో ఎంత దక్షిణానికి చేరుతుందో పటం మీద కనబడుతుంది. ఇప్పుడు ఈ రకం సమాచారం ఎక్కువగా ‘ఈబర్డ్’ అనే ఏర్పాటులోకి చేరుతోంది.

రాయలవారి బాతులు

మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. హంపి మొన్నమొన్నటి దాకా మన జిల్లాలోనే ఉండేది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడినాక అటు పోయింది. ఆ హంపి నుంచి ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ ఒక తమాషా దృశ్యం చెప్తాడు. పొలం కాలవల్లో బాతువులు తల రెక్కల్లో దూర్చుకొని నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు మరిచిపోయిన తడి బట్టల ముద్దలనుకొని, వాటిని ఇళ్ళకు చేర్చుదామని కావలివాళ్ళు రేవులో దిగుతారు. అవి తటాలున పారిపోతాయి. వరిమళ్ళకు కావలి ఉన్న ఆడవాళ్ళు చూసి నవ్వుతారు.

క్లాసులో దీన్ని భ్రాంతిమంతానికి ఉదాహరణగా చదువుతాం. పిట్టలను చూసేవాళ్ళ కంటితో చదివితే ఇంకొకటి కనబడుతుంది. బాతు నిద్రపోయేటప్పుడు మెడ వెనక్కి తిప్పి ముక్కును వీపు ఈకల్లో దూర్చుకుంటుంది. అప్పుడు దానికి తలా మెడా ఉన్నట్టే తెలియదు, అచ్చం గుడ్డ ముద్దలాగే ఉంటుంది. కాలవ గట్టున నిలబడి చూడకుండా ఆ పోలిక తట్టదు. అంత బాగా చూసిన రాజు కూడా ఆ బాతు ఏ జాతిదో, ఎన్ని ఉన్నాయో, ఏ నెలలో చూసినాడో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కావ్యానికి లేదు. మన చెరువులకు మాత్రం ఇప్పుడు ఆ అవసరం వచ్చింది. ఎందుకో చెప్తాను.

లెక్క వల్ల పేరొచ్చిన చెరువు

హగరిబొమ్మనహళ్ళి తాలూకాలో అంకసముద్ర అనే ఊరుంది. ఊరి పక్కన ఎప్పుడో శతాబ్దాల కిందట సేద్యం కోసం తవ్విన చెరువు. విస్తీర్ణం 98.76 హెక్టార్లు, అంటే సుమారు 244 ఎకరాలు. ఇలాంటి చెరువులు మన వైపు చాలా ఉన్నాయి. కానీ 2024 జనవరి 31న ఈ చెరువును రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా ప్రకటించినారు. గదగ్ జిల్లాలోని మాగడి చెరువు, పడమటి తీరాన అఘనాశిని నది ముఖద్వారం కూడా అదే రోజు జాబితాలో చేరినాయి. మాగడి చెరువు మనం పైన చెప్పుకున్న పట్టెతల బాతులు దక్షిణాదిలో పెద్ద సంఖ్యలో దిగే చోటు.

అంకసముద్ర ఆ జాబితాలోకి ఎట్లా ఎక్కింది? అందంగా ఉందని ఎక్కలేదు. రామ్సర్ ఒప్పందంలో తొమ్మిది కొలమానాలున్నాయి. వాటిలో ఒకటి ప్రకారం ఆ చోట మామూలుగా 20,000 పైబడి నీటిపక్షులు ఉండాలి. ఇంకొకటి ప్రకారం ఏదైనా ఒక జాతి నీటిపక్షుల మొత్తం సంఖ్యలో నూటికి ఒక వంతు అక్కడ ఉండాలి. అంకసముద్రలో 30,000 పైబడి నీటిపక్షులు రాత్రి బస చేస్తాయనీ, గూళ్ళు పెడతాయనీ, ఎర్రకాళ్ళ కొంగలూ తెల్ల కంకణాలూ రెండూ నూటికి ఒక వంతు కంటే ఎక్కువ ఉన్నాయనీ ప్రకటనలో చూపించినారు. ఆ చెరువు మీద నమోదైన పక్షి జాతులు 240.

ఈ రెండు పిట్టలనూ మీరు చూసే ఉంటారు. ఎర్రకాళ్ళ కొంగకు కన్నడంలో బణ్ణద కొక్కరె అని పేరు. పొడుగాటి పసుపు ముక్కు చివర కాస్త కిందికి వంగి ఉంటుంది, ముఖం మీద ఈకలుండవు, రొమ్ము మీద నల్లని అడ్డపట్టీ, తోక దగ్గర గులాబీ రంగు. తెల్ల కంకణానికి ఒళ్ళు తెలుపు, తలా మెడా మాత్రం ఈకల్లేని నలుపు, ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. ఇవి హిమాలయాలు దాటి వచ్చేవి కావు. నీళ్ళు, చేపలు, గూటికి చెట్లు ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే చెరువు నుంచి చెరువుకు తిరుగుతాయి. అనంతపురం వైపు, కర్ణాటక సరిహద్దు దగ్గర వీరాపురం అనే పల్లెలో ఇళ్ళ మధ్య చెట్ల మీదే ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టడం, ఊరివాళ్ళు వాటిని సొంత బిడ్డల్లా కాపాడుకోవడం చాలామందికి తెలిసిందే.

ఇక్కడ గమనించవలసింది ఒకటి. ‘మా చెరువులో బోలెడు కొంగలుంటాయి’ అన్న మాటతో ఏ చెరువూ ఆ జాబితాలోకి ఎక్కదు. ‘ఈ జాతి ఇన్ని, ఈ తేదీన, ఈ చెరువులో’ అని ఎవరో ఏళ్ళ తరబడి ఉదయాన్నే లేచి లెక్కపెట్టి రాసి ఉండాలి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. అందులో ఎక్కువమంది జీతం లేకుండా చేసేవాళ్ళే. టీచర్లు, డాక్టర్లు, రైతులు, విద్యార్థులు.

తీరంలో ఒకరు, కట్ట మీద ఒకరు

బళ్ళారికి సముద్రం దగ్గర లేదు. అయినా మన చెరువుల సంగతి తెలియాలంటే తీరంలో ఏమవుతున్నదో తెలియాలి.

ఆంధ్ర తీరంలో శరత్కాలం అంటే ఈశాన్య రుతుపవనాల కాలం. అక్టోబరు, నవంబరులో పడే వానలతో పులికాట్ నిండుతుంది. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. దాని దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు ఆ నెలల్లోనే నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టడం మొదలుపెడతాయి. గూడబాతు అంటే కింది ముక్కుకు సంచి వేలాడే పెద్ద పిట్ట. కన్నడంలో హెజ్జార్లె. ఇంకా ఉత్తరాన కొల్లేరు, కృష్ణా ముఖద్వారం, కాకినాడ దగ్గర కోరంగి ఉన్నాయి. అక్కడి బురద నేలల్లో ఉత్తర ధ్రువం వైపు నుంచి వచ్చిన చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు వేలకొద్దీ దిగుతాయి.

లెక్కపెట్టే పద్ధతి కూడా చోటును బట్టి మారుతుంది. తీరంలో పాటు తీసినప్పుడు పిట్టలు మైళ్ళ కొద్దీ బురదలో చెల్లాచెదురుగా మేస్తాయి, లెక్కకు అందవు. పోటు వచ్చి బురద మునిగినప్పుడు అన్నీ మిగిలిన మిట్ట మీదికి చేరతాయి, అప్పుడు లెక్కపెడతారు. మన చెరువుల్లో పోటూ పాటూ లేవు. తెల్లవారాక మేతకు చెదిరిపోకముందో, సాయంత్రం బసకు చేరేటప్పుడో చూడాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఏడు మన చెరువులో రాజహంసలు కనబడలేదనుకోండి. తుంగభద్ర జలాశయం వెనక నీళ్ళు తగ్గి బురద తేలినప్పుడు అవి అక్కడ దిగిన సంవత్సరాలున్నాయి. రాకపోతే అవి చచ్చిపోయినట్టా? లేక పులికాట్‌లో ఈసారి నీళ్ళు సరిగ్గా ఉండి అక్కడే ఉండిపోయినట్టా? మన కట్ట మీద నిలబడి దీనికి జవాబు చెప్పలేం. సూళ్ళూరుపేట దగ్గర నిలబడినవాళ్ళు కూడా చెప్పలేరు. వాళ్ళ లెక్కా మన లెక్కా పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. ఒక చోట తగ్గి ఇంకొక చోట పెరిగితే అది తిరుగుడు. అన్ని చోట్లా తగ్గితే అది ప్రమాదం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే, ప్రమాదాన్ని తిరుగుడు అనుకొని ఊరుకుంటాం.

మంగోలియాలో పరిశోధకులు కొన్ని పట్టెతల బాతుల మెడకు అక్షరాలు, అంకెలు రాసిన పట్టీలు వేసి వదిలినారు. ఆ పట్టీలున్న బాతులు కర్ణాటక చెరువుల్లో కనబడినాయి. దుర్భిణిలో ఆ అంకె చదివి కబురు పంపినవాళ్ళు ఉన్నారు కాబట్టే, అక్కడ పుట్టిన బాతు ఇక్కడి చేలలో మేస్తున్నదని రెండు దేశాలకూ తెలిసింది. పట్టీ వేసినవాళ్ళకు ఈ చెరువు తెలియదు. చదివినవాళ్ళకు ఆ సరస్సు తెలియదు. మధ్యలో ఉన్నది ఒక అంకె, ఒక తేదీ, ఒక ఊరి పేరు.

ఇట్లా పంచుకున్నదంతా కలిపితే ఎంతవుతుంది? 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక సుమారు 30,000 మంది రాసిన 3 కోట్ల పరిశీలనల మీద ఆధారపడింది. 942 జాతులను పరిశీలించి, 178 జాతుల విషయంలో వెంటనే శ్రద్ధ కావాలని చెప్పింది. దూరం నుంచి వలస వచ్చే పిట్టలు, ముఖ్యంగా తీరపు బురదలో మేసేవి, బాగా తగ్గుతున్నాయని కూడా అందులోనే ఉంది.

రాయని మాట ఏమవుతుంది

మా అవ్వది సిరుగుప్ప తాలూకాలో ఒక పల్లె. బట్టమేక పిట్ట గురించి చదివినాక నేను ఆమెను అడిగినాను.

“అవ్వా, మనిషి నడుమెత్తు ఉండి, జొన్న చేలల్లో తిరిగే పిట్టను చూసినావా?”

“చూడకేమి? ఎరెభూత. నల్లరేగట్లో నడుస్తాంటే దూరం నుంచి మనిసే అనుకుంటాము. దగ్గరికి పోనిచ్చేది కాదు.”

“ఎప్పుడు చూసినావు?”

“జొన్న కోతలప్పుడు.”

“ఏ సంవత్సరం?”

“అది యాడ గుర్తుంటాది తల్లీ! మీ అమ్మ ఇంకా చిన్నది.”

కన్నడంలో నల్లరేగడి నేలను ఎరె అంటారు. ఎరెభూత అంటే రేగడి నేల భూతం. తెలుగులో బట్టమేక పిట్ట. ఒక్క పిట్టకు సరిహద్దు పల్లెల్లో రెండు భాషల పేర్లూ ఉన్నాయంటే అది ఒకప్పుడు అందరి కంటికీ ఆనినదే. ఇది వలస పిట్ట కాదు గానీ కాలాన్ని బట్టి చాలా దూరం తిరుగుతుంది. మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇవి 150 లోపే, అందులో ఎక్కువ రాజస్థాన్‌లో. అంతర్జాతీయ జాబితా దీన్ని 2011 నుంచి తీవ్రంగా అంతరించే దశలో ఉన్నదిగా చెప్తోంది. కర్నూలు వైపు రోళ్ళపాడులో దీని కోసమే 1988లో అభయారణ్యం పెట్టినారు. శీతాకాలంలో ఉత్తరం నుంచి వచ్చే, పచ్చికను ఆనుకొని ఎగిరే డేగ జాతి పక్షులు వందలాదిగా రాత్రి బస చేసే చోటుగా కూడా రోళ్ళపాడుకు పేరుంది. కర్ణాటకలో ఈ పిట్టకు మిగిలిన ఆఖరి తావుల్లో మన సిరుగుప్ప వైపు రేగడి నేలలు ఒకటి.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్ళతో చాలా చోట్ల జొన్నచేలూ గడ్డి బీళ్ళూ వరిమళ్ళయినాయి. ఆ నీళ్ళే మనకు అన్నం పెట్టినాయి, నన్ను కాలేజీకి పంపింది కూడా ఆ వరే. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఏ ఊరి బీడులో ఎన్ని పిట్టలుండేవో, ఏ ఏడు నుంచి కనబడటం మానినాయో రాసినవాళ్ళు అప్పట్లో ఉండి ఉంటే, ఏ నాలుగు బీళ్ళను వదిలిపెట్టాలో అప్పుడే తెలిసేది. మా అవ్వ చూసింది నిజం. ఆమె మాటలో చోటు ఉంది, కాలం ఉంది, పేరు ఉంది. సంవత్సరమూ సంఖ్యా లేవు. ఆ రెండూ లేక ఆమె జ్ఞానం ఏ లెక్కలోకీ చేరలేదు. ఆమెలాంటి అవ్వలు ఊరికి పదిమంది ఉంటారు.

పేరు విషయంలో ఇంకొక సంగతి. టి.సి. జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు నెల్లూరులో పనిచేసినాడు. 1862-64 మధ్య అచ్చయిన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకంలో పిట్టల తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. పైన వాడిన ‘తెల్ల కంకణం’ అట్లా నిలిచిన మాటే. ఆయన పేరు పెట్టిన జెర్డన్స్ కోర్సర్ అనే పిట్ట అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దొరకడానికి సాయపడింది ఆ అడవిని ఎరిగిన స్థానికులు. వాళ్ళకు అది ఎప్పుడూ ‘కలివికోడి’గా తెలిసిన పిట్టే. ఊరి పేరు తెలిస్తే ఊరివాళ్ళను అడగవచ్చు. ఇంగ్లీషు పేరుతో అడిగితే మా అవ్వ ఏమి చెప్తుంది?

మనం ఎట్లా రాయాలి

చూసింది రాయడానికి ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఐదు సంగతులు చాలు.

ఒకటి, తేదీ, వేళ. ‘దసరా సెలవుల్లో’ అని కాకుండా, తేదీ, ఉదయం ఆరున్నర నుంచి ఏడు దాకా అని రాయాలి. ఎంతసేపు చూసినామో తెలిస్తేనే రెండు రోజుల లెక్కలు పోల్చవచ్చు.

రెండు, చోటు. చెరువు పేరు, ఊరు, తాలూకా. సరిహద్దు పల్లెలకు ఒకే పేరు రెండు రాష్ట్రాల్లో ఉంటుంది కాబట్టి జిల్లా కూడా రాయాలి.

మూడు, సంఖ్య. ‘చాలా’ అన్నది సంఖ్య కాదు. పెద్ద గుంపును చూసినప్పుడు ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించినాయో కంటితో పట్టుకొని, అట్లాంటి పదులు ఎన్ని ఉన్నాయో చూడాలి. ముప్పై పదులుంటే ‘సుమారు 300’ అని రాయవచ్చు.

నాలుగు, గుర్తులు, పేరు. ముక్కు ఆకారం, కాళ్ళ రంగు, ఎగిరే తీరు, ఏమి చేస్తోంది అన్నవి ముందు రాసి, పేరు తర్వాత రాయాలి. శాస్త్రనామం తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు పిలిచే పేరు రాయండి. తెలుగుదైనా, కన్నడదైనా, రెండూ కలిసినదైనా సరే.

ఐదు, లేనిది. పోయి చూసినా ఏ పిట్టా కనబడకపోతే అదీ రాయాలి. ‘సున్న’ కూడా లెక్కే. పిట్టలు తగ్గుతున్న సంగతి సున్నలు రాసినవాళ్ళ వల్లే తెలుస్తుంది.

పంచుకోకూడనిది కూడా ఒకటుంది. అరుదైన పిట్ట గూడు ఎక్కడుందో అందరికీ చెప్పరాదు, ఫోటో కోసం గూటి దగ్గరికి పోరాదు. బట్టమేక లాంటిది కనబడితే అటవీశాఖ వాళ్ళకు చెప్పి ఊరుకోవాలి.

ఈ శరత్తులో ఏమి చూడవచ్చో ఒక అందాజు ఇస్తాను. భాద్రపదం నుంచే గులాబీ గోరింకలు వస్తాయి. ఒళ్ళు గులాబీ రంగు, తల, రెక్కలు నలుపు. జొన్న కంకుల మీద మబ్బులా వాలుతాయి. వీటి వెంటే కాటుకపిట్టలు, చెరువు ఒడ్డున ఉల్లంకులు. ఆశ్వయుజంలో తీగల మీద వరసగా కూర్చునే వానకోవెలలు బాగా పెరుగుతాయి. కార్తీకంలో సూదితోక బాతు మొదలైనవి చెరువుల్లో దిగుతాయి. మార్గశిరం నాటికి పట్టెతల బాతులు. అంటే మన కవుల హంసలు కాస్త ఆలస్యంగా వస్తాయన్నమాట!

ఈ గోడపత్రిక పక్కన ఒక చార్టు అంటించినాం. అందులో తేదీ, చోటు, సంఖ్య, గుర్తులు, ఇంట్లో పిలిచే పేరు అని ఐదు గళ్ళు గీసినాం. సెలవులకు ఊరికి పోయే ప్రతి ఒక్కరూ మీ చెరువు కట్ట మీద అరగంట నిలబడి, వచ్చినాక ఒక వరస నింపండి. అవ్వలనూ తాతలనూ అడిగిన పేర్లు వేరే గడిలో రాయండి. ఆ పేర్లను అకారాది క్రమంలో పెట్టి ఒక పట్టిక చేయడం తెలుగు విద్యార్థులుగా మన పని. సంఖ్యలను జనవరి గణన చేసేవాళ్ళకు అందజేద్దాం. మేడమ్ గార్లు కూడా తమ ఊళ్ళ పేర్లతో మొదటి వరసలు నింపితే మాకు ధైర్యంగా ఉంటుంది. కలం చార్టుకే దారంతో కట్టి ఉంది.